ఉచిత వెబినార్లు చూసి అల్ట్రాలైట్ ఎంతవరకు నేర్చుకోవచ్చు?

మీరు ఒకే ప్రశ్న అడిగినట్టున్నా అందులో మూడున్నాయి. అల్ట్రాలైట్ విమానాల మీద ఉచితంగా జరిగే ఆన్‌లైన్ సెమినార్లలో ఏవి నమ్మదగ్గవి? వాటిలో అసలేం చెబుతారు? అమెరికాలో లైసెన్సు కూడా అక్కర్లేదంటున్నారు కదా, అవి చూసేసి ఒక కిట్ కొనుక్కుని ఎగిరేయొచ్చా?

మూడోదానికి ముందే చెప్పేస్తున్నాను: వద్దు. మిగతా రెండూ తీరిగ్గా మాట్లాడుకుందాం. నేను చాలా ఏళ్లుగా ఈ సెమినార్లు చూస్తున్నాను. చెత్తవి చూశాను, మంచివీ చూశాను. ఒకటైతే నా ఇంజన్‌ని, బహుశా నన్ను కూడా కాపాడింది. ఆ సంగతి కింద రాస్తాను.

ముందు ఆ "లైసెన్సు అక్కర్లేదు" అన్న మాట సంగతి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1982లో పార్ట్ 103 అనే నిబంధన తెచ్చింది. చాలా చిన్నది, టీ తాగేలోపు చదివేయొచ్చు. ఒక్కటే సీటు ఉండాలి. ఇంజన్ ఉన్నదైతే ఖాళీ బరువు 254 పౌండ్లలోపు, అంటే సుమారు 115 కిలోలు. ట్యాంకులో 5 అమెరికన్ గ్యాలన్లకు మించి పట్టకూడదు, 19 లీటర్లకి కాస్త తక్కువ. పూర్తి పవర్ పెట్టి సమంగా ఎగిరినా 55 నాట్లు, అంటే గంటకి సుమారు 102 కిలోమీటర్లు, దాటకూడదు. పవర్ తీసేస్తే స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు ఇక మోయలేని వేగం, 24 నాట్లకు మించకూడదు. ఇందులో ఇమిడేదాన్ని ఎఫ్‌ఏఏ విమానం అని కూడా అనదు, "అల్ట్రాలైట్ వెహికల్" అంటుంది. రిజిస్ట్రేషన్ లేదు, పైలట్ సర్టిఫికెట్ లేదు, వైద్య పరీక్ష లేదు. దానికి బదులు పగటిపూటే ఎగరాలి, జనావాసాల మీదుగా పోకూడదు, కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌లోకి (ఎయిర్ ట్రాఫిక్ అధికారుల అదుపులో ఉండే గగనతలంలోకి) ముందుగా అనుమతి తీసుకోకుండా అడుగుపెట్టకూడదు, సరదాకి తప్ప సంపాదనకి వాడకూడదు.

చాలామంది గమనించనిది ఆ "ఒక్కటే సీటు" దగ్గరుంది. ఒక్క సీటంటే పక్కన గురువు ఉండడు. మీ మొదటి టేకాఫే మీ మొదటి సోలో. ఒకప్పుడు శిక్షణ కోసమని ప్రత్యేక మినహాయింపు మీద రెండు సీట్ల అల్ట్రాలైట్లు నడిచేవి, ఆ వెసులుబాటు 2008 జనవరితో ముగిసింది. ఇప్పుడు అక్కడ పక్కన కూర్చుని నేర్పాలంటే రిజిస్టరైన రెండు సీట్ల లైట్ స్పోర్ట్ తరగతి విమానం, సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ కావాలి. ఈ ఖాళీ ఉంది కాబట్టే జనం ఆన్‌లైన్ సెమినార్ల మీద ఎక్కువ బరువు పెడుతున్నారు. మీ ప్రశ్న కూడా అక్కడి నుంచే పుట్టిందని నా అనుమానం.

ఎక్కడ చూడాలన్నది సులువు. మొదట ఈఏఏ, అంటే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. 1953లో మొదలైన సంఘం, విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ వాళ్ల కేంద్రం. ఇంట్లోనే విమానాలు కట్టుకునేవాళ్లకీ, తేలిక విమానాలవాళ్లకీ అది పుట్టిల్లు లాంటిది. హ్యాంగ్ గ్లైడర్‌కి, అంటే మనిషి వేలాడుతూ ఎగిరే ఇంజన్ లేని రెక్కకి, చిన్న గో-కార్ట్ ఇంజన్ కట్టి ఎగిరిన జాన్ మూడీ 1976లో దాన్ని అందరి ముందూ ఎగరేసి చూపించింది వాళ్లు ఏటా జరిపే విమానాల జాతరలోనే. ఇవాళ మనం అల్ట్రాలైట్ అంటున్న ఆటకి ఊపు అక్కడే వచ్చింది. వాళ్ల వెబినార్లు మామూలుగా బుధవారం రాత్రుళ్లు ఉంటాయి. పేరు, ఈమెయిల్ ఇచ్చి నమోదు చేసుకుంటే చాలు, సభ్యత్వం లేకపోయినా ప్రత్యక్షంగా చూడొచ్చు. జనవరిలో ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం ఒక వారమంతా వరసగా పెడతారు. రెక్కలకి గుడ్డ చుట్టడం, రివెట్లు, వైరింగ్, ఇంజన్ బిగింపు అన్నీ వస్తాయి.

రెండోది ఎఫ్‌ఏఏ వాళ్ల సేఫ్టీ టీమ్ వెబ్‌సైటు. ఉచితంగా ఖాతా తెరుచుకుంటే రాబోయే సెమినార్ల కబురు ఈమెయిల్‌కి వస్తుంది. ఒక జాగ్రత్త: ఏయే విషయాలు కావాలో సెట్టింగుల్లో ఎంచుకోండి, లేకపోతే హెలికాప్టర్ల నుంచి డ్రోన్ల దాకా అన్నీ వచ్చి పడి నాలుగు రోజులకి విసుగొచ్చి వదిలేస్తారు. మూడోది ఏఓపీఏ (అమెరికాలో విమాన యజమానులు, పైలట్ల సంఘం) వాళ్ల ఎయిర్ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్. అక్కడ చిన్న చిన్న కోర్సులు, క్విజ్‌లు ఉచితంగా ఉంటాయి. సెమినార్ కాకపోయినా ఇంకొకటి చెబుతాను. బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నెలనెలా వేసే బులెటిన్ ఉచితం, అందులో మైక్రోలైట్ (అక్కడ ఇలాంటి తేలిక విమానాల పేరు) ప్రమాదాల మీద నివేదికలు వస్తుంటాయి. గంట సేపు స్లైడ్లు చూసినదానికంటే అలాంటి నివేదికలు రెండు చదివితే ఎక్కువ ఒంటబట్టిన సందర్భాలు నాకున్నాయి.

వెతికేటప్పుడు ఒక చిట్కా. జాబితాలో "అల్ట్రాలైట్" అన్న మాట కోసమే చూడకండి. ఆ పేరుతో వచ్చేవి ఏడాదికి కొన్నే ఉంటాయి, వాటిలో సగం "అల్ట్రాలైట్ అంటే ఏమిటి" దగ్గరే ఆగిపోతాయి. అసలు సరుకు వేరే పేర్లతో ఉంటుంది: టూ-స్ట్రోక్ ఇంజన్లు, గుడ్డ కవరింగ్, బరువు-సమతూకం, కార్బ్యురేటర్, ఇంధన వ్యవస్థ, కొత్త రకం విమానానికి మారడం, ఇంజన్ ఆగిపోతే దిగడం. వాతావరణం మీద పెట్టేవి పెద్ద విమానాల వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేస్తారు, అయినా చూడండి. వాళ్లు "కొంచెం కుదుపులుంటాయి" అన్నచోట మీరు "ఆ రోజు హ్యాంగర్ తలుపు తీయను" అని రాసుకోండి. మన రెక్కలు మోసే బరువు తక్కువ, అందుకే వాళ్లని ఊపే గాలి మనల్ని ఎత్తి పడేస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక ఎగిరే అలవాటు మనవాళ్లలో ఊరికే రాలేదు.

ఇక టైము గోల. ప్రకటనలో "రాత్రి 7, సెంట్రల్" అని, అంటే అమెరికా మధ్య ప్రాంతపు టైములో, ఉంటుంది. అది యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైములో) చలికాలమైతే మర్నాడు తెల్లవారుజాము 1 గంట, వేసవి టైము నడిచేప్పుడు అర్ధరాత్రి 12. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు మారుస్తారు. గుడ్డ కవరింగ్ మీద నేను రెండు నెలలుగా ఎదురుచూసిన సెమినార్‌కి సరిగ్గా ఆ మార్చి వారంలోనే అలారం పెట్టుకుని లేచి లింకు నొక్కితే, వక్త ప్రేక్షకులకి కృతజ్ఞతలు చెబుతున్నాడు. గంట ముందే మొదలైపోయింది. అప్పట్నుంచి ఫోన్‌లో యూటీసీ గడియారం ఒకటి పెట్టుకున్నాను. ఎలాగూ ఎగిరేవాళ్లకి అది పనికొచ్చేదే.

సరే, ఇప్పుడు అసలు విషయం, వీటివల్ల ఏం ఒరుగుతుంది.

నా అనుభవంలో వీటి బలమంతా ఇంజన్ దగ్గరుంది. అల్ట్రాలైట్లలో చాలావాటికి టూ-స్ట్రోక్ ఇంజనే. తేలిక, బలం ఎక్కువ, విడిభాగాలు తక్కువ. కానీ అలక కూడా ఎక్కువ. రోటాక్స్ 503, 582 లాంటివాటికి తయారీదారు చెప్పే ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేసే) గడువు 300 గంటలు లేదా 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది. పెట్రోల్‌లో ఆయిల్ 50కి 1 పాళ్లలో కలపాలి, అంటే 10 లీటర్లకి 200 మిల్లీలీటర్లు. ఎగ్జాస్ట్ వేడి 650 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఈ అంకెలు మాన్యువల్లో ఎవరైనా చదువుకోవచ్చు. సెమినార్లో దొరికేది ఆ అంకెల వెనకున్న కథ.

ఒక సెమినార్లో ముప్ఫై ఏళ్లుగా ఇవే ఇంజన్లు విప్పి బిగిస్తున్న మెకానిక్ మాట్లాడాడు. స్లైడ్లు మరీ పేలవం, వాటిలో సగం ఫోకస్ లేని ఫోటోలు. కానీ ఒక ఫోటో దగ్గర ఆగి, కార్బ్యురేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు సాకెట్ చూపించి, "దీన్ని మీరు రోజూ చూస్తారు, కానీ ఎప్పుడైనా వంచారా?" అని అడిగాడు. నేను వంచలేదు. రెండేళ్లుగా ఎగిరే ముందు ప్రతిసారీ టార్చి వేసి చూశాను, క్లిప్పు బిగువుగా ఉందో లేదో చూశాను, నల్లగా నిగనిగలాడుతోందని సంతోషించి ముందుకెళ్లాను.

మర్నాడు పొద్దున్నే హ్యాంగర్‌కి వెళ్లి కార్బ్యురేటర్‌ని ఎడమచేత్తో పట్టుకుని పక్కకి నెట్టాను. రబ్బరు సాగింది. సాగినచోట, బిగించే అంచు దగ్గర, అప్పటిదాకా కనబడని సన్నటి గీతలు నోళ్లు తెరిచాయి. చాలావరకు పైపైనే ఉన్నాయి. ఒకటి మాత్రం గోరు పెడితే గోరు దిగింది. సాకెట్ విప్పి, లోపల టార్చి పెట్టి, చీకట్లో వంచి చూస్తే ఆ గీత వెంట వెలుగు బయటికి వచ్చింది. సూది మొనంత వెలుగు.

ఆ సూది మొనంత సందులోంచి గాలి పీల్చుకుంటే ఏమవుతుందో ఆ మెకానిక్ ముందు రాత్రే చెప్పాడు. సిలిండర్లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గుతుంది. టూ-స్ట్రోక్‌లో పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే, రెండూ కలిసే వస్తాయి కాబట్టి. వేడి పెరుగుతుంది, పిస్టన్ ఉబ్బుతుంది, సిలిండర్ గోడకి పట్టేస్తుంది. పైగా ఆ చీలిక నేల మీద ఇంజన్ నిమ్మళంగా తిరిగేటప్పుడు మూసుకునే ఉండి, పైన కుదుపులకి తెరుచుకోవచ్చు. అందుకే ఇలాంటివి పైకి వెళ్లాకే పట్టేస్తాయి. సాకెట్ మార్చాను. పనిలోపని పెట్రోల్ గొట్టాలు, ప్రైమర్ బల్బు కూడా చేత్తో నొక్కి చూసి, గట్టిపడిన గొట్టం ఒకటి తీసేశాను.

ఆ రాత్రి ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు అంతవరకు తలకెక్కలేదు. పూర్తి పవర్లో ఎక్కేటప్పుడు ఇంజన్ మీద భారమని మనకి భయం. నిజానికి చాలా టూ-స్ట్రోక్‌లు పట్టేసేది థ్రాటిల్ సగానికి తగ్గించి పొడుగ్గా కిందికి జారేటప్పుడు. గాలి తోస్తుంటే ప్రొపెల్లర్ తేలికైపోతుంది, ఇంజన్ మీద బరువుండదు, మిశ్రమం పలచబడుతుంది, ఎగ్జాస్ట్ వేడి సర్రున పైకి పాకుతుంది. మీ దగ్గర ఆ మీటర్ ఉంటే దిగేటప్పుడు దాన్ని గమనించండి. అయితే థ్రాటిల్ పూర్తిగా మూసి దిగాలా, పెంచి దిగాలా అన్నది మీ ప్రొపెల్లర్, మీ జెట్ సూదుల అమరిక మీద ఆధారపడుతుంది. అక్కడ నా మాట కాదు, మీ ఇంజన్ తెలిసిన మనిషి మాట వినండి.

రెండో బలమైన విషయం, ఎగరడం వెనకున్న లెక్క. ఇది స్లైడు మీద చూసి వదిలేస్తే లాభం లేదు, ఆపి మీ యంత్రానికి వేసుకోవాలి. ఉదాహరణకి ఒంపు తిరిగితే స్టాల్ వేగం పెరుగుతుందని అందరూ చెబుతారు. ఎంత? ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వాలితే 1.19 రెట్లు, 60 డిగ్రీలు వాలితే 1.41 రెట్లు. మీ యంత్రం స్టాల్ 24 నాట్లు అనుకోండి. 45 దగ్గర అది దాదాపు 28.5, 60 దగ్గర 34. ఇప్పుడు మీరు మామూలుగా ఎంత వేగంతో ఎక్కుతారో ఆ అంకె పక్కన రాసుకోండి. ఇంజన్ ఆగిందని కంగారుపడి రన్‌వే వైపు గట్టిగా తిప్పితే ఎంత దగ్గరికి వచ్చేస్తున్నారో ఆ రెండు అంకెలే చెబుతాయి. నేను ఈ పట్టిక ఒక అట్టముక్క మీద రాసి ప్యానెల్ వెనక అంటించాను. ఎగిరేటప్పుడు చదవడానికి కాదు లెండి, కూర్చున్న ప్రతిసారీ కంట పడాలని.

పెద్ద విమానాలు నడిపి వచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సెస్నా లాంటి మామూలు చిన్న విమానంలో ఇంజన్ ఆగితే ఆలోచించుకోవడానికి కాస్త వేగం మిగులుతుంది. బరువుంది, ఊపుంది. అల్ట్రాలైట్‌కి బరువు లేదు, బయటికి పొడుచుకొచ్చిన గొట్టాలు, తీగలు బోలెడు. పవర్ పోయిన క్షణం ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు ఆగిపోతుంది. దానికి తోడు ఇంజన్ రెక్కల దగ్గర ఎత్తుగా బిగించిన రకాల్లో, అంటే క్విక్‌సిల్వర్ తరహావాటిలో, ఇంకో తిరకాసుంది. తోపు పైనుంచి వస్తుంది కాబట్టి పవర్ పెడితే ముక్కు కిందికి వాలుతుంది, పవర్ పోతే ముక్కు పైకి లేస్తుంది. మామూలు విమానంలో అలవాటైన చేతికి ఇది పూర్తిగా తలకిందులు. ఎక్కుతుండగా ఇంజన్ ఆగిందంటే ముక్కు అప్పటికే పైకుంది, ఇంకా పైకి లేస్తోంది, వేగం కరిగిపోతోంది. స్టిక్‌ని, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పే కర్రని, వెంటనే ముందుకి తొయ్యాలి. "ఏమైంది?" అనుకునేంత వ్యవధి కూడా ఉండదు. కొత్త రకానికి మారడం మీద సెమినార్ దొరికితే, మీకు వెయ్యి గంటల అనుభవం ఉన్నా, ముఖ్యంగా ఉంటే, వదలకండి.

పారాచూట్ల మీద కూడా అప్పుడప్పుడు వస్తాయి. మొత్తం విమానాన్నే దింపే బాలిస్టిక్ పారాచూట్లు. 1975లో హ్యాంగ్ గ్లైడర్ కూలి, కిందపడుతూ బతికి బయటపడ్డ బోరిస్ పొపోవ్ తర్వాత 1980లో బీఆర్‌ఎస్ సంస్థ పెట్టి వీటిని జనంలోకి తెచ్చాడు. పార్ట్ 103 బరువు లెక్కలో పారాచూట్‌కి 24 పౌండ్ల మినహాయింపు ఉంది కాబట్టి "బరువు పెరుగుతుంది" అనే సాకు అక్కడ చెల్లదు. ఆ సెమినార్లలో చూడాల్సింది ఎలా బిగించాలన్నది ఒక్కటే కాదు. ఎప్పుడు లాగాలో ముందే నిర్ణయించుకోవడం, పారాచూట్ తాళ్లు ప్రొపెల్లర్‌కి చుట్టుకోకుండా ముందు ఇంజన్ ఆపేయడం, ఇవి శ్రద్ధగా వినండి.

ఏ దేశం గురించి మాట్లాడుతున్నారన్నది మొదటి ఐదు నిమిషాల్లోనే తేల్చుకోండి. అదే మాట, అర్థాలు వేరు. అమెరికాలో అల్ట్రాలైట్ అంటే పైన చెప్పిన 115 కిలోల ఒంటి సీటు. బ్రిటన్‌లో మైక్రోలైట్ గరిష్ఠ బరువు 2021 నుంచి 600 కిలోల దాకా, రెండు సీట్లు ఉండొచ్చు, దానికి లైసెన్సు కావాలి. యూరప్‌లో 2018 నాటి ఉమ్మడి చట్టం 600 కిలోల దాకా తమ పరిధిలోనే ఉంచుకునే వీలు సభ్యదేశాలకి ఇచ్చింది, దాంతో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఇంజన్, గాలి, గుడ్డ గురించి చెప్పేది ఎక్కడైనా చెల్లుతుంది. నిబంధనల గురించి చెప్పేది మాత్రం మీ దేశపు విమానయాన అధికారుల కాగితంతో సరిచూసుకోనిదే ఒక్క ముక్క కూడా నమ్మకండి, ఇక్కడ నేను రాసినదైనా సరే.

ఉచితం కదా, మెలిక ఎక్కడుంది అని అనుమానం రావచ్చు. పైన చెప్పిన సంఘాల దగ్గర మెలికేం లేదు. సభ్యత్వం తీసుకోండని చివర ఒక ముక్క చెబుతారు, అంతే. విడిగా ఎవరెవరో పెట్టే "ఉచిత సెమినార్ల"తోనే జాగ్రత్త. నేనొకదానికి కూర్చున్నాను, పేరెందుకు లెండి. యాభై నిమిషాలు సూర్యాస్తమయాల వీడియోలు, చివరి పది నిమిషాలు "ఈ రాత్రే బుక్ చేసుకుంటే తగ్గింపు". ఖాళీ బరువెంత అని ముగ్గురు చాట్‌లో అడిగారు. జవాబు రాలేదు. కాసేపటికి చాట్ మూసేశారు. అమ్మేవాడు చెప్పడమే తప్పని అనను. ఇంజన్లు అమ్మేవాళ్లు, గుడ్డ అమ్మేవాళ్లు చెప్పినవే నేను చూసిన మంచి సెమినార్లలో కొన్ని. తేడా ఒక్కచోటే తెలుస్తుంది: తన సరుకు ఎలా పాడవుతుందో తనే చూపించేవాణ్ని వినొచ్చు. "రెండు రోజుల్లో ఎవరైనా ఎగరొచ్చు" అనేవాడి దగ్గర్నుంచి లేచి రావచ్చు.

చూసే పద్ధతి గురించి. వీటిలో మంచి భాగం చివరి పావుగంట, ప్రశ్నలు తీసుకునే సమయం. చాలామంది అప్పటికి లేచిపోతారు. "ఏ అల్ట్రాలైట్ మంచిది?" అని అడిగితే "మీ అవసరాన్ని బట్టి" అని ఒక నవ్వు నవ్వి ముందుకెళ్తారు, వాళ్ల తప్పేం లేదు. "నాది 503, రెండు కార్బ్యురేటర్లు, 140 గంటలు నడిచింది, దిగేటప్పుడు వెనక సిలిండర్ ఎగ్జాస్ట్ ముందుదానికంటే 40 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది, వేడి కొలిచే ప్రోబులు రెండింటినీ అటూఇటూ మార్చి చూశాను, అయినా వెనకదే ఎక్కువ" అని రాయండి. వక్త ముందుకి వంగి చదువుతాడు. ప్రశ్న ముందే రాసి పెట్టుకుని, సమయం రాగానే అతికించేయండి, ఆ హడావిడిలో టైప్ చేయడం కుదరదు. ఇంకా మీ దగ్గర యంత్రం లేకపోతే ఊహాత్మకంగా కాకుండా మీరు కొనాలని చూస్తున్న ఫలానా రకం గురించే అడగండి.

దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి, కొందరు వక్తలు ముద్దగా, గబగబా మాట్లాడతారు. సిగ్గుపడాల్సిందేం లేదు. క్యాప్షన్లు పెట్టుకోండి, రికార్డింగైతే వేగం ముప్పావుకి తగ్గించండి. కాకపోతే యంత్రం రాసే క్యాప్షన్లు సాంకేతిక పదాల దగ్గర ఘోరంగా తప్పుతాయి, అంకెల దగ్గర మరీను. అంకె వినబడితే స్లైడు మీదో మాన్యువల్లోనో చూసుకున్నాకే రాసుకోండి. నా నోటుబుక్కులో ప్రతి సెమినార్‌కీ ఒక పేజీ. ఎడమవైపు విన్నది, కుడివైపు "హ్యాంగర్లో చేయాల్సిన పని". కుడివైపు ఖాళీగా ఉండిపోయిన పేజీలు కూడా ఉన్నాయి. ఆ వక్తల సెమినార్లకి మళ్లీ వెళ్లలేదు.

సర్టిఫికెట్ వస్తుందా అంటారేమో. పైలట్ల కోసం ఎఫ్‌ఏఏ నడిపే వింగ్స్ అనే భద్రతా శిక్షణ కార్యక్రమం కింద కొన్నిటికి క్రెడిట్లు వస్తాయి. అమెరికన్ పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి అవి పనికొస్తాయి, ఒక దశ పూర్తి చేస్తే రెండేళ్లకోసారి చేయాల్సిన ఫ్లైట్ రివ్యూకి బదులు లెక్కలోకి వస్తుంది. మీకు ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆ క్రెడిట్లతో పనిలేదు.

సెమినార్లతో పాటు చదువుకోవడానికి ఎఫ్‌ఏఏ ఉచితంగా ఇచ్చే పీడీఎఫ్‌లు రెండు మూడు దించుకోండి. పైలట్లకి మూల విషయాలు చెప్పే హ్యాండ్‌బుక్ ఒకటి. ట్రైక్ (హ్యాంగ్ గ్లైడర్ రెక్క కింద మూడు చక్రాల బండి వేలాడే రకం) మీద మనసుంటే వెయిట్-షిఫ్ట్ కంట్రోల్, అంటే బరువు అటూఇటూ జరిపి నడిపే, విమానాల హ్యాండ్‌బుక్. సొంతంగా కట్టినదో, పాతది కొన్నదో అయితే ఏసీ 90-89 అనే సలహా పత్రం. ఇంట్లో కట్టిన విమానాలకీ అల్ట్రాలైట్లకీ తొలి పరీక్షలు ఎలా చేయాలో అందులో అంచెలంచెలుగా ఉంటుంది. పార్ట్ 103 బరువు, వేగం లెక్కలు ఎలా వేయాలో ఏసీ 103-7లో ఉంటుంది.

ఇక ఆ మూడో ప్రశ్న, "వద్దు" అన్నదానికి కారణం. నేను రెండు సీట్ల దాంట్లో నేర్చుకోవడం మొదలుపెట్టేనాటికి, ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోతే ఏం చేయాలన్నదాని మీద ఒకే సెమినార్ రికార్డింగ్ మూడుసార్లు చూసి ఉన్నాను. ఎవరైనా అడిగితే పాఠం అప్పజెప్పగలిగేవాణ్ని. నాలుగో రోజో, ఐదో రోజో, దాదాపు మూడొందల అడుగుల ఎత్తులో ఎక్కుతుండగా గురువుగారు చెప్పాపెట్టకుండా థ్రాటిల్ లాగేశారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. తీగల మీద గాలి ఈల సన్నబడుతోంది. నేను థ్రాటిల్ మీదున్న ఆయన చెయ్యి వైపు చూస్తున్నాను. ముక్కు పైకే ఉంది. నా చెయ్యి స్టిక్ మీదే ఉంది, కదల్లేదు. రెండు సెకన్లు అయ్యుంటుందేమో. ఆయన మోచేత్తో స్టిక్‌ని ముందుకి నెట్టారు, ఎదురుగా పొలం నిండుగా కనబడింది, అప్పుడు పవర్ ఇచ్చారు.

కిందికి దిగాక తిట్టలేదు. "తెలుసా, తెలీదా?" అని అడిగారు. తెలుసు అన్నాను. "సరే, మళ్లీ" అన్నారు. ఆ వారమంతా అదే చేయించారు, ఒక్కోసారి ఒక్కో ఎత్తులో, ఒక్కోసారి నేను ఏదో మాట్లాడుతుండగా. ఆరోసారో ఏడోసారో ఈల సన్నబడేలోపే స్టిక్ ముందుకి వెళ్లిపోయింది, ఆ తర్వాతగానీ ఇంజన్ ఆగిందన్న సంగతి నా బుర్రకి అందలేదు.